కాగితపు సముద్రం

ఉష చేతులు ఆగడం లేదు. తెల్ల అట్ట మీద నీలం కాగితపు అలలు, వెండి కాగితపు చేపలు అతికించింది. చివరగా ఎర్ర పడవ. తుఫానుకు ముందు వేటకు పోయిన మొగుడు పెంచల్ ఇంకా రాలేదు. వచ్చేలోపల ఈ పటం గోడకు తగిలించాలని ఆమె పంతం.

పడవ అంచులు లేస్తున్నాయి. అట్టను నేల మీద బోర్లించి, పైన బరువుకు రుబ్బురోటి పొత్రం పెట్టింది.

పెట్టినాక గుర్తొచ్చింది. మొగోడు సముద్రం మీద ఉండగా ఆ ఇంట్లో చెంబు కూడా బోర్లించరు, పడవ తిరగబడుతుందని. కాపురానికొచ్చిన కొత్తలో ఒక గిన్నె బోర్లించినందుకే అత్త నాగులమ్మ వాడంతా వినేలా తిట్టిపోసింది.

కబురు కోసం మైపాడు ఒడ్డుకు పోయిన నాగులమ్మ అప్పుడే తిరిగొచ్చి, గడపలో నిలబడి అట్టకేసి చూసింది.

"తప్పయిపోయింది అత్తా. ఇప్పుడే తీసేస్తా."

"తియ్యబాకు," అంది నాగులమ్మ, పక్కనే చతికిలబడుతూ. "ఉండనీలేమ్మా. జిగురు ఆరనీ."

ఎన్నడూ లేని ఆ మెత్తని మాటకు ఉష ఆమె మొహంలోకి చూసింది. వంగి అత్త గడ్డం పట్టుకుంది.

"తిట్టత్తా," అంది. "నన్ను ఒక్కసారి తిట్టు."