చక్రాల గది

“గుండు చిన్నగున్నది తమ్మీ. గతుకుల్ల ఊసిపోతే?” అంది బాలలక్ష్మి.

పికప్ కింద పడుకుని వెల్డింగ్ చేస్తున్న అంబదాస్ విసుగ్గా తల బయటపెట్టాడు. పొద్దున్నుంచి ఆమె నస వింటూనే ఉన్నాడు. తీరా చూస్తే ఈసారి ఆమె మాటే నిజమైంది. పికప్‌కు బిగించిన ఇనుప గుండు క్యాంపర్ బండి మూతిలో లొడలొడలాడుతోంది.

“ఏంది పెద్దమ్మా, నీ నోటివాక్కు! పెద్ద గుండు రేపు తెప్పిస్త తియ్.”

“రేపటిదాంక ఆగేటట్టు లేదు బిడ్డా.”

“ఏం, రేపటికి గోదారి ఎండిపోతదా?”

ఆమె కొడుకు రాకేశ్ బైకు తీసి, గుండు కోసం బజారుకు పోయాడు.

క్యాంపర్ అంటే రెండు చక్రాల మీద చిన్న గది. లోపల ఒక పరుపు, ఒక కిటికీ. కుంటాల జలపాతం దగ్గర షికారుకొచ్చేవాళ్ళకు కిరాయికిచ్చే దోస్తును బతిమాలి తెచ్చాడు రాకేశ్. అతని పికప్ సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద నేసిన బట్ట మోసే బండి. దానికి వెనక కొండి లేదు, గొలుసుల్లేవు, వెనక బండి లైట్లకు తీగ కూడా లేదు. అన్నీ ఈ రోజే కావాలి. కరీంనగర్ ఆసుపత్రిలో నెల నుంచి ఉన్న తండ్రి సదానందాన్ని సాయంత్రం తీసుకుపొమ్మన్నారు. బతుకంతా సాంచెల చప్పుడు విన్న మనిషి. ధర్మపురి గోదారి ఒడ్డున నిమ్మళంగా పడుకోవాలని ఎన్నోసార్లు అన్నాడు.

బాలలక్ష్మికి మాత్రం కళ్ళు మూస్తే ఒకటే కనబడుతోంది. కొండి తెగి, గది వెనక్కి ఉరికి, వెనక లారీ...

“గొలుసులు రెండు పెట్టు తమ్మీ. ఒకటి తెగినా ఇంకోటి పట్టాలె. నేను ఆయన పక్కన్నే కూసుంట.”

“బండి నడుస్తుంటే లోపట కూసోవద్దు పెద్దమ్మా.”

“ఆయనను ఒక్కన్నే పండవెట్టుమంటవా?”

అంబదాస్ గొణుక్కుంటూ రెండో గొలుసు తీశాడు. ఆమె తలుపు దగ్గరకెళ్ళి మూర పెట్టి కొలిచింది.

“మనిషిని పండవెట్టి ఎక్కియ్యొచ్చా?”

“పెద్దాయన నడువడా?”

“నీరసం. మల్ల దించుడు?”

“ఎక్కింది దిగదా పెద్దమ్మా! పరేషాన్ చేస్తున్నవ్.”

“పికప్ తీసేస్తే ఇది ముందలికి ఒరగదా? మా పోరనికి కిరాయిలుంటయ్, బండి కావాలె.”

“గిదో, గీ కాలు కిందికి దించుతె ఎన్ని దినాలైన నిలవడ్తది.”

“అన్ని దినాలు పట్టదు,” అంది ఆమె మెల్లగా.

రాకేశ్ గుండు తెచ్చేసరికి జేబులో ఫోన్ మోగింది. పొద్దున్నుంచి మూడోసారి. ఇంటి ఓనరు.

“బయలెల్లిండ్రా రాకేశ్? గోదారికే గదా? మంచిది, మంచిది. పైలంగ పోయి రాండ్రి.”

రాకేశ్ వెంటనే కట్ చేశాడు.

“గట్ల కట్ చేస్తార్రా? మల్ల మనం ఆ ఇంట్లకే పోవాలె.”

“నువ్వు ఊకో అవ్వా!” గొంతు పగిలేలా అరిచాడు. తర్వాత తనే వంగి గొలుసు అందించాడు.

కొత్త గుండు బిగిసింది. క్యాంపర్ మూతి దాని మీద కూర్చుని టక్‌మంది. వెనక ఎర్రలైట్లు వెలిగాయి. అంబదాస్ బండిని ముందుకూ వెనక్కూ లాగి చూపించాడు. బాలలక్ష్మికి నమ్మకం కలగలేదు. తనే రెండు చేతులా గొలుసు పట్టి గుంజింది. అప్పుడు సంచిలోంచి చిన్న ఇత్తడి దీపం తీసి, పరుపుకు తలాపున పెట్టింది.

అంబదాస్ నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు.

“ఫికర్ జేయకు పెద్దమ్మా. రాజాలెక్క పోతడు పెద్దాయన. గాని నెల దినాలు దవాఖాన్ల ఉన్న మనిషి గదా, ముందుగాల ఇంటికి తోల్కపోయి, షికారు తర్వాత పోరాదుండ్రి?”

రాకేశ్ మొహం తిప్పుకున్నాడు. బాలలక్ష్మి గొలుసు వదల్లేదు.

“కిరాయింట్ల పానం పోవద్దన్నడు ఓనరు.”