మా ఆవిడ తిట్లు, తెర మీది డాక్టరమ్మ

నన్ను బురిడీ కొట్టించే యంత్రం ఇంకా పుట్టలేదు. ఆరోగ్య కేంద్రంలో మా ఆవిడ పక్కన కుర్చీలో దర్జాగా కూర్చుని, పెద్దాసుపత్రి నుంచి తెర మీద మాట్లాడే డాక్టరమ్మను నిలదీశాను.

"ఇక వారానికో కొత్త మొహం, ప్రారంభోత్సవం ఫొటోలయ్యాక గదికి తాళం! ఇంతేగా మీ వైద్యం?"

"ఊరుకోండి తాతా!" నర్సు కసిరింది.

మా ఆవిడ నవ్వింది. "ఈయనకి... అందరూ... దొంగలే తల్లీ."

డాక్టరమ్మ ముందుకు వంగింది. "మామ్మా, పోయిన వారం నా ముందే ఆయన్ని గుక్క తిప్పుకోకుండా తిట్టారు. ఇవాళ మాటమాటకీ ఆయాసమేంటి? సిస్టర్, ఆక్సిజన్ పెట్టి అంబులెన్సు పిలవండి."

మా ఆవిడ తిట్లు నేనైనా అంత శ్రద్ధగా వినలేదు.

ఆవిడ గండం గడిచింది. అంతా నిజమే. కుర్చీలో కూర్చున్నానన్నదొక్కటే కల్పన. అప్పుడు నేను తెర వెనక దూరి, మనిషి ఎక్కడ దాక్కుందోనని వెతుకుతున్నాను.