ఉప్పునీళ్ల ఉత్తరం

"ఇది ఉత్తరమా, సెలవు చీటీనా?" భానుప్రియ మేడం కాగితాన్ని బల్ల మీద కొట్టింది.

రోజాకి ఒళ్లు మండింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నా, ఇంగ్లీషులో ఆమెకు రాయడం వచ్చిన ఉత్తరం బళ్లో బట్టీ పట్టిన జ్వరం చీటీ ఒక్కటే. అందులో జ్వరం తీసేసి ఉప్పునీళ్లు పెట్టింది. 'మేము ఉప్పునీళ్లతో బాధపడుతున్నందున దయచేసి మంచినీళ్లు మంజూరు చేయవలెనని వేడుకుంటున్నాము.' ఇందులో తప్పేముంది?

రొయ్యల గుంటలు తవ్వినప్పటి నుంచి వాళ్ల పల్లెపాలెం బోర్లలో ఉప్పునీళ్లే వస్తున్నాయి. అమ్మ పోలేరమ్మ రోజూ రెండు కిలోమీటర్లు నడిచి బిందె మోసుకొస్తోంది. గుంటల యజమాని చెంచురామయ్యకు తెలుగులో మూడు అర్జీలిచ్చారు. మూడూ ఏమయ్యాయో దేవుడికే తెలియాలి.

"తెలుగు అర్జీ ఆయన విప్పి కూడా చూడడు. ఇంగ్లీషైతే ఆఖరి చుక్క దాకా చదువుతాడు." మేడం ఎర్ర పెన్ను తీసి 'వేడుకుంటున్నాము' కొట్టేసింది. "బతిమాలబాక. ఎన్ని గుంటలు?"

"నాలుగు మేడం."

"ఏడు. ఏడని రాయి."

బస్సులో వస్తూ లెక్కపెట్టిందేమో అనుకుంది రోజా. మేడం కాగితం అంచున ఇంగ్లీషులో ఇంకో ముక్క రాసింది. 'తప్పు ఆయనది. ఆ మాటే రాయి.'

ఐదుసార్లు తిరగరాయించింది. చేతులు పీకాయి గానీ, ఆరోసారి ఉత్తరం పదునుగా వచ్చింది.

"కింద మీరు కూడా సంతకం పెట్టండి మేడం. లెక్చరర్ సంతకముంటే జంకుతాడు."

మేడం ముఖం గంటు పెట్టుకుంది. "నా పేరెత్తబాక. నా రాత ఒక్క ముక్క కూడా ఆ ఇంట్లోకి పోకూడదు. ఆ చిత్తుకాగితం చించెయ్."

"భయమా మేడం?"

"చించెయ్యమన్నానా?"

రోజా చించలేదు. మాకేమో బతిమాలొద్దని చెప్పి తను దాక్కుంటుందా! మర్నాడు పొద్దున కోపం కొద్దీ ఆ చిత్తుకాగితాన్ని ఉత్తరం వెనక గుండుసూదితో గుచ్చి, చెంచురామయ్య ఇంటికి పట్టుకెళ్లింది.

వరండాలో కుర్చీలో కూర్చున్న చెంచురామయ్య నిజంగానే ఆఖరి చుక్క దాకా చదివాడు. చదివి ఇంతెత్తున లేచాడు.

"ఇంగ్లీషు నేర్చుకొని నా మీదికే వచ్చినావా? పో, కలెక్టరుకిచ్చుకో పో!"

"ఇస్తా. ఇంకో కాపీ ఉండాది," అంది రోజా.

ఆయన విసురుగా కాగితం తిప్పాడు. వెనక ఎర్ర సిరా కనబడింది. చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుని, అంచున ఉన్న ముక్కను వేలితో తడిమాడు.

"ఇది ఎవురు రాసినారు?"

మేడం పిరికిదే కావచ్చు, అయినా పేరెత్తబాకన్నది కాబట్టి రోజా చెప్పదలుచుకోలేదు.

ఆయన "ఆదిశేషమ్మా!" అని లోపలున్న భార్యను కేకేశాడు.

"ఇన్నేళ్లకి మన బిడ్డ ఉత్తరం రాసింది."