ఒక జడ

తాను చనిపోయిన సంగతి లిఫ్టు మెకానిక్‌కి పొద్దున ఏడున్నరకి తెలిసింది.

బండి తాళం కోసం కూతురి పుస్తకాలు కదిలిస్తుంటే ఓ కాగితం జారి కింద పడింది. పైన 'కాలేజీ ప్రవేశానికి వ్యాసం' అని ఉంది. దాని కింద పిల్ల చేతిరాత.

'మా నాన్న చనిపోయిన రోజున అమ్మ నాకు ఒక జడే వేసింది. రెండోది మొదలుపెట్టేలోగా ఫోను మోగింది. తల ఒక పక్క అల్లుకుని, ఒక పక్క విరబోసుకుని సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగాను. నన్నెవరూ చూడలేదు.'

అంతే, ఒక్క పేరా. పక్కన లెక్చరరు ఎర్ర సిరాతో రాశారు: 'చాలా బాగుంది. మొదటి వాక్యమే పట్టి కూర్చోబెట్టింది. ఒక్క అక్షరం మార్చకు. మిగతాది రాసి తీసుకురా.'

అతన్ని కూడా పట్టి కూర్చోబెట్టింది. మంచం అంచున కూర్చుని రెండుసార్లు చదివాడు. తర్వాత అద్దంలో చూసుకున్నాడు. ఎందుకైనా మంచిదని వంటింట్లోకి వెళ్ళాడు.

"ఏమే, నేను బాగానే ఉన్నానా?"

భార్య అప్పటికే ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతోంది. "పొద్దున్నే ఏం ప్రశ్నండీ అది? తాళం మీ జేబులోనే ఉంది, చూసుకోండి" అనేసి చెప్పులు వేసుకుంది.

ఆ రోజు పని సాగలేదు. ఎనిమిదంతస్తుల మేడలో లిఫ్టు తలుపు మూసుకోవడం లేదు. మామూలుగా అయితే పది నిమిషాల పని. గంటయినా తప్పెక్కడుందో దొరకలేదు. జతగా వచ్చిన ఎలక్ట్రీషియను నవ్వాడు. రెండేళ్ళ కిందటే పనిలో చేరాడతను.

"ఏంటన్నా, ఏ లోకంలో ఉన్నావు?"

"అదే తెలీడం లేదు. తండ్రి బతికుండగానే పోయాడని పిల్లలు రాస్తారా?"

సంగతంతా విని అతను తేలిగ్గా తీసేశాడు. "ఎందుకు రాయరు? మా మేనల్లుడు లేని జబ్బు తెచ్చిపెట్టుకుని మరీ రాశాడు. కష్టాలు లేనివాడి వ్యాసం ఎవరు చదువుతారు? నువ్వేమో గుండ్రాయిలా ఉన్నావు. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది?" అని, మళ్ళీ తనే ఆగాడు. "అయినా మీ అమ్మాయి అబద్ధాలాడే రకం కాదే! అచ్చం నీ పోలిక. జవాబు చెప్పేముందు ముక్కు గీరుకోవడంతో సహా."

పోలిక మాటకి మెకానిక్ లోలోపల పొంగిపోయాడు. మరుక్షణమే మళ్ళీ అయోమయం. అంత పోలికున్న పిల్ల తనని ఎందుకు చంపుకున్నట్టు? ఇంటర్ కాలేజీలో పిల్లకి బహుమతులిచ్చిన రోజున, లిఫ్టులో ఎవరో ఇరుక్కుపోతే తాను వెళ్ళలేకపోయాడు. ఆ కోపం ఇంకా ఉందా?

అసలు చిక్కు అది కాదు. సోమవారం ఆ కొత్త కాలేజీలో ఇంటర్వ్యూ. తండ్రో తల్లో వెంట రావాలి. పోయినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి ఎదురుగా కూర్చుంటే వాళ్ళేమనుకుంటారు? పిల్ల సీటు గల్లంతే. ఈ పెద్ద చదువు కోసం అది రెండేళ్ళుగా ఎంత కష్టపడిందో అతనికి తెలుసు.

సాయంత్రం కూతురు బల్ల ముందు కూర్చుని రాసుకుంటోంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సోమవారం మీ అమ్మని తీసుకెళ్ళమ్మా."

"అదేంటి? నువ్వు సెలవు పెట్టావుగా?"

"పని పడింది."

"అమ్మకి డ్యూటీ ఉంది. అయినా నువ్వు పక్కనుంటేనే నాకు ధైర్యం నాన్నా. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను, పో."

ఆ మాట విన్నాక అతను ఆగలేకపోయాడు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనొస్తే నీకే నష్టమే తల్లీ! బహుమతి రోజున రాలేదని కోపముంటే నాలుగు తిట్టు, పడతాను. నిక్షేపంలా ఉన్నవాణ్ణి చంపేస్తావా? అదీ మొదటి వాక్యంలోనే!"

పిల్ల కాగితం చూసింది. అతని మొహం చూసింది. మళ్ళీ కాగితం చూసింది. ఆమెకీ ఏమీ అర్థం కాలేదు.

"ఇందులో నువ్వెక్కడున్నావు?"

"మా నాన్న అని రాశావు కదే!"

ఆమె కలం కింద పెట్టింది. కళ్ళలో నీళ్ళు నిండాయి. మెల్లగా అంది.

"అప్పటికి నువ్వింకా మా ఇంటికి రానేలేదు కదా, నాన్నా!"