నురుగు పలక

“ఇయ్యాల గూడా అంటుకునిందా నాయనా?”

అన్నం తెచ్చిన సత్తు గిన్నె అతని గది అరుగు మీద పెడుతూ అడిగింది పేరమ్మ. హనీఫా తలెత్తకుండానే ఊఁ అన్నాడు. అతని ఒళ్ళంతా పొగ వాసన. మైపాడు ఒడ్డున రంగనాయకులుగారు కట్టిస్తున్న ఐసు గోదాము ముందు నల్లటి మసికుప్ప ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

అయ్యో పాపం అంది పేరమ్మ. అంటూనే లోపల హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

సంగతేమంటే, ఆ గోదాము గోడలకు ఊక బదులు కొత్తరకం నురుగు పలకలు వేయించాలని రంగనాయకులుగారి పట్టుదల. రెండు ద్రవాలు కలిపితే ఇడ్లీపిండిలా పొంగి, గట్టిపడి పలకవుతుంది. పాలీయూరిథేన్ అంటారట. చల్లదనాన్ని బయటికి పోనివ్వదు. కాకపోతే నిప్పు తగిలిందా, భగ్గుమంటుంది. చుట్టూ ఉన్నవన్నీ తాటాకు ఇళ్ళాయె. నిప్పుకు తట్టుకునే పలక చేసి చూపిస్తే తప్ప గోదాము తెరవనివ్వమని జాలర్ల పాలెం పెద్దలు తేల్చి చెప్పేశారు. మద్రాసులో ఈ పని నేర్చుకొచ్చిన నెల్లూరు కుర్రాడు హనీఫాను అందుకే పెట్టుకున్నారు. ఏదో మందు కలపడం, పలక పోయడం, అందరి ముందూ కాగడా పెట్టడం, అది కాస్తా కాలిపోవడం. ఎండలు ముదిరినప్పటినుంచీ ఇదే తంతు.

గోదాము తెరిస్తే ఒడ్డుకొచ్చిన చేపంతా ఐసులో పడి మద్రాసు పోతుంది. ఉప్పేసి ఎండబెట్టుకునే పేరమ్మలాంటి వాళ్ళకు తోక కూడా మిగలదు. ఆమె కొడుకు ముత్యాలయ్య ఊహ తెలిసినప్పటినుంచీ పరాయి తెప్పల మీదే కూలికి పోతున్నాడు. ఈ ఎండాకాలం ఎండుచేపలమ్మి వాడికి సొంత తెప్ప కట్టించాలని ఆమె ఆశ. దుంగలు ఒక్కొక్కటే కొంటోంది. హనీఫా వచ్చిన కొత్తల్లోనే ఈ మాట అతనికి చెప్పింది. ఎన్ని దుంగలు కావాలో అడిగి తెలుసుకున్నాడు.

“దుంగలు ఎందాకా వచ్చినాయక్కా?” టీ కాస్తూ అడిగాడిప్పుడు.

“ఇంకొకటి గావాల.”

అతని గదిలో మూడుకాళ్ళ కిరసనాయిలు స్టవ్వు ఒక పసుపురంగు నురుగు పలక మీద కూర్చుని ఉంటుంది. వచ్చిన కొత్తల్లో పోసిన పలకట. నేల మాడకుండా ఇలాగైనా పనికొచ్చిందిలే అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే పేరమ్మ తల దించుకునేది. అన్నం పెట్టే చేత్తోనే ఆ బిడ్డ పని చెడాలని దణ్ణం పెడుతోంది మరి.

ఆ వారం రంగనాయకులుగారు నెల్లూరు నుంచి వచ్చి నలుగురిలో హనీఫాను కడిగేశారు. ఈసారి పలక కాలితే మూటాముల్లే సర్దుకోమన్నారు, మద్రాసు నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటానన్నారు. హనీఫా చేతులు కట్టుకుని కొంచెం గడువు ఇమ్మని బతిమాలాడు. ఆ సాయంత్రం పేరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

“నీకు అడ్డం పడింది నేనే నాయనా. నీ పలక కాలిపోవాలని గంగమ్మకు మొక్కుకున్నా. ఆ మొక్కు ఎనక్కి తీసుకుంటా. తెప్ప యాడికి పోతాది, ఇంకో ఏడు కట్టుకుంటాం. నువ్వు గెలువు.”

హనీఫా స్టవ్వు వత్తి తగ్గించాడు. “మొక్కు తీసుకోబాకక్కా” అన్నాడు. “ముందు ఆ దుంగ తెచ్చుకో.”

ఆఖరి దుంగ వచ్చింది. తెప్పకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మను తలుచుకుని నీళ్ళలోకి దించారు. హనీఫా కూడా ప్యాంటు మడుచుకుని అలల్లో దిగి ఓ చేయి వేసి నెట్టాడు. ముత్యాలయ్య సొంత తెప్ప మీద నిలబడి తెడ్డు వేస్తుంటే పేరమ్మ ఒడ్డున కూర్చుని ఏడ్చింది.

మర్నాడు గోదాము ముందు పరీక్ష. కాగడా అంటించారు. పలక పైపైన నల్లబడింది, మంట పక్కకు తీయగానే ఆరిపోయింది. పాలెం పెద్దలు నమ్మక మళ్ళీ పెట్టించారు. మళ్ళీ అంతే. రంగనాయకులుగారు పలకను చేతిలోకి తీసుకుని మురిసిపోయారు. వెనకవైపు ఈ మూడు గుంటలేమిటని అడిగారు. అచ్చులో లోపమండీ, సర్దుకుంటుంది అన్నాడు హనీఫా.

పేరమ్మ గుండెల మీద బరువు దిగింది. మొక్కు వెనక్కి తీసుకున్న మాట గంగమ్మ ఆలకించిందనుకుంది. కొత్త తెప్ప తెచ్చిన తొలి చేప పులుసు పెట్టి, గిన్నె పట్టుకుని అతని గదికి పోయింది. హనీఫా ఇంకా రాలేదు. గిన్నె కింద పెట్టబోతూ స్టవ్వు వంక చూసింది. అది వట్టి నేల మీద ఉంది. ఆమె వంగి దాని మూడు కాళ్ళూ ఒక్కొక్కటే తడిమింది.

ఆ కాలని పలక ఎండాకాలమంతా ఈ స్టవ్వు కిందే ఉంది.