పదకొండో గది బీరు

మంచం కింద బకెట్ బుడబుడమంటోంది. దాని పక్క మంచం మీద పడుకునే దయాకర్‌కు వారం నుంచి కంటి మీద కునుకు లేదు.

అది గల్ఫులో, ముసఫ్ఫాలోని ఐకాడ్ లేబర్ క్యాంపు. గదికి ఆరుగురు. ఈ గదిలో అందరికంటే పెద్దవాడు భోజన్న, నిర్మల్ దగ్గరి పల్లె మనిషి. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టినవాడు కాదు. అలాంటివాడు ఇప్పుడు బీరు తయారు చేస్తున్నాడు. అదీ దొంగచాటుగా మందు కాస్తే జైల్లో వేసే దేశంలో. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

శుక్రవారాల్లో భోజన్న ఒక ఇంగ్లీషు దొర విల్లాలో తోటపనికి వెళ్లేవాడు. ఆ దొరకు బీరు సొంతంగా చేసుకునే పిచ్చి. సీసాలు కడిగిపెడుతూ భోజన్న ఆ పనంతా చూసి నేర్చుకున్నాడు. దొర దేశం విడిచిపోతూ బకెట్, బార్లీ పాకం డబ్బా, ఈస్టు పొట్లం, హాప్స్ అనే ఎండుపూల సంచి ఇచ్చి పారేయమన్నాడు. భోజన్న పారేయలేదు.

ఆ పూలు గుప్పెడు చాలని, ఎక్కువైతే చేదెక్కి వాసన వీధంతా కొడుతుందని దొర చెప్పేవాడట. భోజన్న సగం సంచి ఒకేసారి కుమ్మరించాడు. అందరి ముందే, క్యాంపు వంటగదిలోనే కాచాడు. ఏంటని అడిగితే బీరే అన్నాడు. భోజన్నకు కూడా పరాచికాలు వచ్చాయని అందరూ నవ్వుకున్నారు. వాచ్‌మన్ మీరా హుస్సేన్ అయితే వాసన పీల్చి, గోరింటాకు నూరుతున్నారా అని అడిగి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులాగి భోజన్న బకెట్ మూత తీసి మిగిలిన సగం సంచి కూడా అందులో పోశాడు. నిమ్మతొక్కా వేపాకూ కలిపి నలిపినట్టు గదంతా ఒకటే వాసన.

"తలుపన్న మూయరాదే అన్నా" అన్నాడు దయాకర్.

"ఉక్కపోస్తున్నది. ఉండనియ్యి."

"సత్యం సారు దాకా పోతే ఏం జేస్తవ్? పోయినేడు సారా కాసిన పోరగాండ్లను ఆయనే గద పోలీసోల్లకు పట్టిచ్చింది. పది దినాలు జైల్ల ఏసి, వీసా కొట్టేసి ఇంటికి తోలిండ్రు. మల్ల ఈ దేశంల అడుగువెట్టే రాత లేకపాయె."

"ఎర్కే తమ్మీ. ఎవలన్న అడిగితె నీకేం తెల్వదని చెప్పు. అంత నాదే."

సత్యం సారంటే క్యాంప్ బాస్ వీరవెంకటసత్యనారాయణ, కాకినాడ మనిషి. వరండాలో ఆయన బూట్ల చప్పుడైతే ఫోన్లో పాటలు కూడా ఆగిపోతాయి.

దయాకర్ ఇంక గట్టిగా ఏమీ అనలేకపోయాడు. ఊళ్లో భోజన్న భార్య కొమురవ్వ మంచంలో ఉంది. క్యాన్సర్. ఎండాకాలం దాటదన్నారు డాక్టర్లు. రోజూ ఐమో వీడియో కాల్‌లో కనబడి "ఎప్పుడొస్తవ్?" అని ఒక్కటే మాట అడుగుతుంది. పాస్‌పోర్టు చూస్తే కంపెనీ దగ్గర ఉంది. భోజన్న వెళ్లి ముదీర్ కాళ్లు, అంటే కంపెనీ మేనేజరు కాళ్లు, పట్టుకున్నాడు. పని ఖలాస్ అయ్యేదాకా ఊరికెళ్లడానికి చుట్టీ లేదన్నాడు ముదీర్. కొలువే వదిలేస్తానన్నా ఒప్పుకోలేదు. ఆ దుఃఖంలో మతి చెడే ఈ పనికి దిగాడని దయాకర్ అనుకున్నాడు. పాపం, ఎవరికి మాత్రం చెడదు?

ఆ శుక్రవారం మధ్యాహ్నం సత్యం సారు రానే వచ్చాడు. అటూ ఇటూ చూడకుండా భోజన్న మంచం దగ్గరికే వెళ్లి, వంగి బకెట్ బయటికి లాగాడు. దయాకర్ పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎవడో ఫోన్ చేశాడయ్యా. గొంతు మార్చి హిందీలో మాట్లాడాడు. గది నంబరూ, మంచం నంబరూ అన్నీ చెప్పాడు. ఎవరిదిది?"

"నాదే సార్" అన్నాడు భోజన్న. ఉతికిన చొక్కా తొడుక్కుని, చెప్పులు కూడా వేసుకుని ఉన్నాడు.

సత్యం సారు స్టీలు గ్లాసు ముంచి వాసన చూశాడు. ఒక గుటక వేసి మొహం చిట్లించాడు. మళ్లీ ముంచాడు. మూడో గ్లాసుకు మంచం మీద చతికిలబడ్డాడు.

"పోయినేడు వాళ్లు కాసింది కంపు సరుకు. ఇది వేరయ్యా. పెద్ద హోటల్లో కూడా ఇంత ఘాటు నాకు తగల్లేదు."

"పోలీసోల్లను పిలువుండ్రి సార్. తప్పు జేసిన."

దయాకర్ భోజన్న నోరు నొక్కబోయాడు.

"పోలీసులెందుకెహె, నోర్మూసుకో. ఈ బకెట్ నా గదికి పట్టుకుపోతున్నా. ఇకమీదట అక్కడే తయారు చెయ్యి. సరుకు నేను తెప్పిస్తాను. నీ వీసా ఇంకో రెండేళ్లు పెంచమని ముదీర్‌కి కూడా చెప్తాలే. నీలాంటోణ్ణి వదులుకుంటానా?"

బకెట్ ఎత్తుకుని సత్యం సారు వెళ్లిపోయాడు. గండం గట్టెక్కిందని దయాకర్ ఊళ్లో దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాడు. ఇటు తిరిగి చూస్తే భోజన్న గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. పక్కన ఐమో మోగుతోంది. కొమురవ్వ. ఎత్తడం లేదు.

"ఊకో అన్నా, బతికిపోయినం. ఆ ఫోన్ జేసినోడెవడో దొరకనియ్యి, వాని సంగతి నేను జూస్త."

"ఇంటికి తోలుతరని నేనే జేసిన తమ్మీ" అన్నాడు భోజన్న.