బండ మీద ఏడు దీవులు

బోరా బోరా ఆరిపోయింది. సొలొమోను నీళ్ళ మగ్గులో వేలు ముంచి, నేల బండ మీద ఆ దీవిని మళ్ళీ గీశాడు. ఈలోపు తాహితీ ఆరిపోవడం మొదలైంది.

పసిఫిక్ సముద్రం నడిమధ్య దీవులవి. ఏడు దీవులు, పదిహేను రోజులు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవలు వారంలో కొన్ని రోజులే ఉంటాయి. ఏ రోజు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో గేటు తెరిచేలోపు తేల్చాలి. ఇప్పుడు తేల్చకపోతే ఇక ఈ జన్మకు తేలదని సొలొమోనుకు బాగా తెలుసు.

బయట ఏడు గంటలు కొట్టారు. విడుదల పదింటికి.

మూడడుగుల మందం గోడలు. ఎక్కడో పైన చెయ్యి పట్టనంత కిటికీ. ముందు ఇనుప చువ్వలు, వాటికి బయట తాళం. ఒంటి మీది ఖద్దరు చొక్కా చంకల్లో పట్టేస్తోంది. రాత్రంతా ఆ తాళం వైపే చూస్తూ పడుకున్నాడు. ఇరవై మూడేళ్ళు బాయిలర్ పక్కన ఉడికిన మనిషికి కూడా ఇక్కడ ఊపిరాడలేదు.

గదిలో రెండో మనిషి రాజారావు. భీమవరం వైపు నుంచి వచ్చి, ఇక్కడి బడిలో భూగోళం చెప్పి రిటైరైన పంతులు. మీరెట్ల వచ్చిన్రని నిన్న అడిగితే, నా అంతట నేనే వచ్చానండి అని నవ్వాడు.

"నన్ను మా ఆమెనే లోపట ఏయించింది సార్" అన్నాడు సొలొమోను.

రాజారావు తలాడించాడు. పెళ్ళాల సంగతి ఆయనకూ తెలుసు.

నిజానికి హన్నా మీద సొలొమోనుకు కోపం లేదు. పోతిరెడ్డిపల్లిలో వాళ్ళింటి గోడకు పన్నెండేళ్ళ నాటి చర్చి క్యాలెండర్ ఒకటి ఉంది. దాని మీద తెల్లటి చర్చి, వెనక కొబ్బరిచెట్లు, వాకిట్లోనే సముద్రం. ఆ దీవిలో, ఆ చర్చిలో ఒక్క ఆదివారం పక్కపక్కన కూర్చోవాలి. హన్నా కోరిక అంతే. ఈ నవంబరుకు పెళ్ళయి పాతికేళ్ళు. డబ్బు ఆమె ఏనాడో కూడబెట్టింది. దొరకనిదల్లా సొలొమోనే.

అతను పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. బాయిలర్‌ను ఒంటరిగా వదిలి కదలకూడదు. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి పక్కన నిలబడితేనే ఇంటికి. ఆ మనిషి రాని రోజు సొలొమోనుకే కబురు. బామ్మర్ది పెళ్ళిలో ఉంగరాలు మార్చుకునే వేళ పిలిచారు. క్రిస్మస్ కేకు కోసే వేళ పిలిచారు. దీవుల కాగితం ముందేసుకుని మొగుడూ పెళ్ళాలు కూర్చున్న ప్రతిసారీ పిలిచారు. మొన్న ఆదివారం మళ్ళీ పిలుపొస్తే హన్నా ఓపిక అయిపోయింది. మర్నాడే వెళ్ళి చెయ్యాల్సిన పని చేసొచ్చింది.

నిన్న పదింటికి అతని బట్టలు, ఫోను, వాచీ తీసుకుని లోపలేశారు. పడవల రోజులు హన్నా రాసిపెట్టిన కాగితం, ఒక పెన్సిలు ముక్క మాత్రం ఉంచుకోనిచ్చారు.

ఎనిమిదిన్నరకు పథకం తయారైంది. సొలొమోను కాగితాన్ని రెండు చేతులా రాజారావుకు అందించాడు. మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని పైనుంచి కిందికి చదివాడు.

"తాహితీ, పొద్దున ఆరు నుంచి రెండు. మూరియా, రెండు నుంచి పది. రోజూ ఆరింటికేనా అండి?"

"పొద్దుగాల్ల ‘ఎ’ షిఫ్టు గద సార్. ఆరు దాటితె లేటు పడ్తది."

"మరి సముద్రం పక్కన ఊరికే కూర్చునేది ఎప్పుడు?"

సొలొమోను కాగితం తీసుకుని వెతికాడు. ఎక్కడా లేదు. పదిహేను రోజుల్లో రెండు ఆదివారాలొచ్చాయి. రెండుసార్లూ హన్నా పడవలోనే ఉంది.

"ఇది సెలవు కాదండీ, డ్యూటీ చార్టు" అన్నాడు రాజారావు మెల్లగా.

సొలొమోనుకు సిగ్గేసింది. దాని వెనకే ఏడుపొచ్చింది. ఈ గోడలైతే పదింటికి వదిలేస్తాయి. బాయిలర్ మాత్రం ఇక్కడిదాకా వచ్చి తలలో కూర్చుంది. రాసిందంతా అడ్డంగా కొట్టేసి, మళ్ళీ మగ్గులో వేలు ముంచాడు.

మూడు దీవులు కుదిరాయో లేదో, తాళం చప్పుడైంది. కాపలా అంజయ్య తలుపు తీసి నిలబడ్డాడు.

"జెర ఆగన్నా. ఇంక నాలుగున్నయి."

టైమైపోయిందన్నాడు అంజయ్య. సొలొమోను వెనక్కి చూశాడు. బండ మీద రాయతేయా దీవి ఒక్కటే తడిగా మిగిలింది.

ఆఫీసు కిటికీ దగ్గర హన్నా నిలబడి ఉంది. లోపలి గుమాస్తా బట్టల మూట, వాచీ, ఫోను అందించాడు. ఫోను చేతిలో పడి నిమిషం కాలేదు, మోగింది. ఫ్యాక్టరీ. రిలీవర్ రాలేదు. సొలొమోను బొటనవేలు అలవాటుగా పచ్చ గుర్తు మీదికి పోయింది.

హన్నా అతని జేబులోంచి కాగితం లాగి, కొట్టివేతల కింద ఉన్నది కూడా ఓపిగ్గా చదివింది.

"రెండు ఆదివారాలు గూడ నన్ను పడవలనే కూసోబెట్టినవా?"

అతను నోరు తెరిచేలోపు ఆమె ఫోను లాక్కుని ఆపేసింది. గుమాస్తా చేతికే తిరిగి ఇచ్చింది.

తర్వాత పర్సులోంచి ఐదు వందల నోటు తీసి, ‘జైలు మ్యూజియం: ఒక రోజు ఖైదీగా గడపండి’ అని బోర్డున్న ఆ కిటికీలో పెట్టి, "నిన్నటి లెక్కనే, ఈయనకు ఇంకొక్క రోజు టికెట్ రాయుండ్రి సార్" అంది.